ఒక్క మూత్రపిండముతో పెరుగు బిడ్డ

పసిబిడ్డకు కడుపులో గడ్డ కనిపించి, పెద్ద ఆసుపత్రిలో శస్త్రచికిత్స జరిగి, బిడ్డ క్షేమముగా ఇల్లు చేరినచో ఇక భయము లేదని అందరును తలంతురు. గడ్డ విషయమున అది చాలవరకు నిజమే. కాని మిగిలిన మూత్రపిండమును ఏండ్ల తరబడి కనిపెట్టి యుండవలెను. ఈ సంగతిని పంచాయతీ సభ్యులకు మనవి చేయగోరుచున్నాము.

పసిపిల్లలకు మూత్రపిండమున వచ్చు కాన్సరులలో ముఖ్యమైనది విల్మ్స్ గడ్డ. 1899లో దీనిని గూర్చి గ్రంథము వ్రాసిన జర్మను వైద్యుడు మాక్స్ విల్మ్స్ పేరున ఇది పిలువబడుచున్నది. ఎక్కువగా 5 ఏండ్లలోపు పిల్లలకు వచ్చును. నీళ్లు పోయునపుడు తల్లి చేతికి గడ్డ తగులుటయే తరచు మొదటి గుర్తు. ఆ మూత్రపిండమును తీసివేసి మందులిత్తురు. వానిలో నొకటి విన్‌క్రిస్టిన్. మన పెరళ్లలో పూయు బిళ్లగన్నేరు నుండియే అది లభించినది. (ఆకు నమిలించుట వైద్యము కాదు, ఆ మొక్క విషము.) వసతులున్న చోట్ల నూటికి 90 మంది వరకు బ్రతుకుచున్నారు.

శ్రీ సిటీ చుట్టునున్న సత్యవేడు, వరదయ్యపాళెం, తడ మండలముల వారికి పెద్ద వైద్యము అందనంత దూరమున లేదు. చెన్నైలో డాక్టర్ ముత్తులక్ష్మీరెడ్డి కృషితో 1954లో వెలసిన అడయారు కాన్సరు సంస్థ కలదు. తిరుపతిలో 1993 నుండి పనిచేయుచున్న స్విమ్స్ ఆసుపత్రియు, అందు మూత్రపిండముల వైద్య విభాగమును కలవు. అయినను, శస్త్రచికిత్సకు అప్పు చేసియైనను పోవు తల్లిదండ్రులు, బిడ్డ ఆడుకొనుచున్నప్పుడు పరీక్షకై ఒకనాటి కూలి పోగొట్టుకొనుటకు వెనుదీయుదురు. వారిని నిందింపరాదు.

ఒక్కొక్క మూత్రపిండమున సుమారు 10 లక్షల సూక్ష్మమైన వడపోత గొట్టములు ఉండును. ఒకటి పోయినప్పుడు రెండవది పెరిగి ఇద్దరి పనిని ఒక్కటే చేయును. కొత్త గొట్టములు పుట్టవు. ఉన్నవే అధికముగా శ్రమించును. ఆ శ్రమ వలన కొందరిలో ఏండ్లు గడచిన పిదప రక్తపు పోటు పెరుగును, మూత్రమున అల్బుమిన్ దిగును. నొప్పి యుండదు గనుక బిడ్డ చెప్పజాలడు. అమెరికాలో 20 ఏండ్ల లెక్కలు చూడగా, ఒక ప్రక్క మాత్రమే గడ్డ వచ్చి ఇతర పుట్టుక లోపములు లేనివారిలో మూత్రపిండము పూర్తిగా చెడినవారు నూటికి ఒక్కరికన్న తక్కువ. రెండు ప్రక్కల వచ్చినవారిలో సుమారు 12 మంది. కావున భయపెట్టవలసిన పని లేదు, మరచిపోవుటకును వీలు లేదు.

ఏడాదికొకసారి రక్తపు పోటు, మూత్రములో అల్బుమిన్, రక్తములో క్రియాటినిన్ చూపవలెను. పోటు చూచు పట్టీ పిల్లల కొలతది కావలెను; పెద్దల పట్టీ కట్టినచో ఉన్న పోటు తక్కువగా కనబడును. మన ప్రాథమిక ఆరోగ్య కేంద్రమున అట్టి పట్టీ ఉన్నదా యని సభ్యులు అడుగవచ్చును.

అన్నిటికన్న మా కెక్కువ భయము నొప్పి మందులను గూర్చియే. జ్వరమనగానే డైక్లోఫినాక్ సూది వేయుట పల్లెలలో అలవాటు. అదియు, ఐబుప్రొఫెన్ బిళ్లలును, జెంటామైసిన్ సూదియు ఒంటి మూత్రపిండమునకు హాని చేయగలవు. జ్వరమునకు పారాసిటమాల్ తగిన మోతాదులో చాలును. వాంతులు, విరేచనములు పట్టినప్పుడు ఓ.ఆర్.ఎస్. ద్రావణము వెంటనే త్రాగించి ఆసుపత్రికి చేర్చవలెను. బిడ్డను ఆటలకు దూరము చేయ నక్కర లేదు.

శస్త్రచికిత్స కాగితములను ఇంట దూలమున దోపి చెదలకు ఒప్పగింపక, ఒక ప్రతిని ఆశా కార్యకర్త వద్ద ఉంచుట మేలు. 2008లో ప్రారంభమైన శ్రీ సిటీ కర్మాగారములకు ఈ గ్రామముల యువజనులు పనికి పోవుచున్నారు. నేటి బిడ్డ రేపు వేడి యంత్రముల నడుమ నిలిచి పని చేయునప్పుడు నీరు చాలినంత త్రాగవలెను. తన కొక్క మూత్రపిండమే యున్నదని అక్కడి వైద్యునికి చెప్పవలెను. ఆడపిల్లయైనచో గర్భము ధరించిన తొలి నెలలలోనే ఈ కాగితములను ఆరోగ్య కార్యకర్తకు చూపి, ప్రతి పరీక్షలోను పోటు చూపించుకొనవలెను.