పాత తుపాకి, టోపీమందు, రంగం వాన
(ఇనుము, ఉప్పు, చెమ్మల గురించి ఒక చిన్న రసాయన పాఠం)

ఒక ప్రశ్న

మన పెద్దలు ‘రంగం’ అని పిలుచుకున్న ఈ యాంగోన్ నగరంలో మా కుటుంబానికి చిరకాలంగా పరిచయమున్న ఒక పెద్దాయన ఉన్నారు. ఆయన ఇంటి పెరటి తలుపుకు అడ్డగడియగా ఒక ఇనుప గొట్టం ఉన్నది. రెండు సంవత్సరాల క్రితం దానిని చేతిలోకి తీసుకుని చూడగా అది పాత సైనిక రైఫిల్ నళిక అని తెలిసింది. ఒక కొనను కొలిమిలో కాల్చి సమ్మెటతో చదును చేశారు గనుక అది ఇక తుపాకి కాదు. రెండవ కొన నుంచి దీపం పెట్టి చూస్తే లోపల ఎడమవైపుకు మెలితిరిగిన అయిదు చాళ్ళు లీలగా కనిపించాయి. అది బ్రిటిష్ వారి లీ ఎన్‌ఫీల్డ్ నళిక లక్షణం. యుద్ధం ముగిసిన 1945లో, రేవులో కూలిపని చేస్తున్న ఆయన తండ్రిగారు పాత ఇనుప సామానులోంచి దానిని ఏరుకుని వచ్చి గడియగా చేశారట. తండ్రిగారి చేతి పనిలో ఇప్పుడు మిగిలినది అదొక్కటే.

ఆయన నన్ను అడిగిన ప్రశ్న ఇది: “బాబూ, నువ్వు రసాయనాలు సదువుకున్నోడివి గదా. ఏటా వానలకి ముందు నూనె పోత్తన్నాను. అయినా లోపల తుప్పు ఆగదేటి?”

ఇనుముకు నూనె రాస్తే తుప్పు పట్టదని మనమందరమూ నమ్ముతాము. మరి డెబ్బై ఏళ్ళకు పైగా నూనె పోస్తున్నా ఈ గొట్టం ఎందుకు తినివేయబడుతున్నది? ఈ ప్రశ్నకు సమాధానం చెప్పటానికి నేను ఒక దూరదేశపు తుపాకిని జ్ఞాపకం చేసుకోవలసి వచ్చింది.

స్విట్జర్లాండులో చూసినది

2009లో నేను పరిశోధన నిమిత్తం జూరిక్ నగరంలో ఉండగా, మా ప్రయోగశాలలో పనిచేసే ఒక మిత్రుడు ఒక శనివారం తన ఊరి తుపాకి మైదానానికి తీసుకువెళ్ళాడు. ఆ దేశంలో 300 మీటర్ల దూరాన గురిచూసి కాల్చటం ఊరూరా ఉన్న వేడుక. ఏటా జరిగే ‘ఫెల్డ్‌షీసెన్’ అనే పోటీలో లక్షమందికి పైగా పాల్గొంటారు. ఒక్కొక్కరికి 18 తూటాలు. చాలామంది తమ తాతల నాటి సైనిక తుపాకులనే ఎంతో శ్రద్ధగా కాపాడుకుంటారు.

ఆయన దగ్గర రెండు తుపాకులు ఉన్నాయి. ఒకటి 1911 నమూనా ష్మిట్ రూబిన్. రెండవది కె-31 అనే పొట్టి రైఫిల్. 1931లో ఆమోదం పొంది, 1958 వరకు అయిదు లక్షలకు పైగా తయారైనది. మన పోలీసుల పాత రైఫిళ్ళలో బోల్టును పైకి తిప్పి వెనక్కి లాగాలి. ఈ స్విస్ తుపాకులలో తిప్పవలసిన పని లేదు; పిడిని తిన్నగా వెనక్కి లాగి ముందుకు తోస్తే చాలును. వీటి తూటా 7.5 మిల్లీమీటర్లది. 1911లో వచ్చిన ‘జి.పి. 11’ తూటాలో గుండు బరువు 11.3 గ్రాములు, వేగం సెకనుకు సుమారు 780 మీటర్లు. లోహపు తొడుగు ఉన్న ఇటువంటి సన్నని గుండును 1880 దశకంలో రూపొందించినవారిలో ముఖ్యుడు స్విస్ సైనికాధికారి ఎడువార్డ్ రూబిన్.

నేను కాల్చిన పది గుండ్లలో నాలుగే లక్ష్యపు బిళ్ళను తాకాయి గనుక ఆ విషయం వదలివేద్దాము. నన్ను ఆశ్చర్యపరచినది నళిక లోపలి భాగం. దాదాపు నూరేళ్ళ నాటి ఆ 1911 నమూనా తుపాకి నళికను వెలుగుకెత్తి చూస్తే అద్దంలా మెరుస్తున్నది. “మావాళ్ళు జాగ్రత్తపరులు” అన్నాడు మిత్రుడు. అది నిజమే కాని పూర్తి నిజం కాదు.

రంగానికీ స్విస్ తుపాకికీ పాత చుట్టరికం ఒకటి ఉన్నది. 1885లో బ్రిటిష్ సేన థీబా రాజును గద్దె దింపటానికి ఐరావతి వెంట మాండలే వరకు వెళ్ళినప్పుడు గోరా సైనికుల చేతిలో ఉన్నవి మార్టినీ హెన్రీ రైఫిళ్ళు. వాటిలో తూటాను పెట్టి మూసే యంత్రాన్ని కల్పించిన ఫ్రీడ్రిష్ ఫాన్ మార్టినీ పుట్టుకచేత హంగరీ వాడైనా, ఆయన కర్మాగారం స్విట్జర్లాండులోని ఫ్రౌయెన్‌ఫెల్డ్‌లో ఉండేది.

తూటాలో జరిగేది ఏమి?

ఆధునికమైన తూటాలో రెండు మందులు ఉంటాయి. గుండును తోసే పొగలేని మందు ఒకటి. దానిని అంటించే టోపీమందు రెండవది. ఈ రెండవది కొన్ని పదుల మిల్లీగ్రాములే. కీడంతా అందులోనే ఉన్నది.

పూర్వకాలపు నల్లమందు సంగతి వేరు. సురేకారం 75 పాళ్ళు, బొగ్గు 15, గంధకం 10 కలిపిన ఆ మందు కాలినప్పుడు బరువులో సగానికి పైగా ఘనపదార్థమే మిగులుతుంది. నళిక నల్లని మసితో నిండేది గనుక సిపాయి విధిగా నీటితో కడిగేవాడు. 1884లో ఫ్రాన్సులో పాల్ వియేల్ పొగలేని మందును కనిపెట్టిన తరువాత మసి తగ్గిపోయింది. నళిక శుభ్రంగా కనిపించసాగింది. ‘ఇక నీరెందుకు, నూనె గుడ్డతో తుడిస్తే చాలును’ అనుకున్నారు. తుప్పు మాత్రం ఆగలేదు. పొగలేని మందు నుంచి వచ్చే ఆమ్లాలే కారణమని చాలాకాలం వాదించారు. అయితే బ్రిటిష్ సైన్యం, కారణం తెలియకపోయినా, మందు తెలుసుకున్నది. కాల్చిన తరువాత గరాటుతో నళికలో మరిగే నీరు పోయించేది.

అసలు కారణాన్ని 1922లో అమెరికా గనుల శాఖలో పనిచేసిన విల్బర్ట్ హఫ్ అనే రసాయనవేత్త విశదం చేశాడు. ఆనాటి టోపీమందులో పాదరస ఫల్మినేటు, ఆంటిమొనీ సల్ఫైడులతో పాటు పొటాషియం క్లోరేటు ఉండేది. అది మంటకు ఆక్సిజన్ అందించి తాను పొటాషియం క్లోరైడుగా మారుతుంది:

2 కెసిఎల్ఓ₃ → 2 కెసిఎల్ + 3 ఓ₂

లెక్క వేసి చూస్తే, 122.5 గ్రాముల క్లోరేటు నుంచి 74.5 గ్రాముల క్లోరైడు వస్తుంది. అనగా నూటికి సుమారు అరవై పాళ్ళు ఉప్పుగా మిగులుతుంది. మన కూరలో వేసే ఉప్పుకు ఇది తోడబుట్టినదే. ప్రతి తూటా పేలినప్పుడల్లా ఈ ఉప్పు సన్నని పొరగా నళిక గోడలకు అంటుకుంటుంది.

వాన, ఉప్పుజాడీ

ఉప్పు పొడిగా ఉన్నంతకాలం ఇనుముకు హాని లేదు. వానకాలంలో ఉప్పుజాడీ చెమర్చటం ప్రతి గృహిణికీ తెలుసు. ప్రతి లవణానికీ ఒక హద్దు ఉంటుంది. గాలిలోని సాపేక్ష ఆర్ద్రత ఆ హద్దు దాటితే లవణం గాలి నుంచి నీటిని పీల్చుకుని తానే ద్రవమవుతుంది. వంట ఉప్పుకు ఆ హద్దు సుమారు 75 శాతం. పొటాషియం క్లోరైడుకు సుమారు 84 శాతం.

యాంగోన్‌లో ఏటా కురిసే వాన సుమారు 2,700 మిల్లీమీటర్లు. అందులో అధికభాగం మే నుంచి అక్టోబరు లోపలే. ఆ నెలలలో గాలి ఈ హద్దును మళ్ళీమళ్ళీ దాటుతుంది. అప్పుడు నళిక లోపల ఉప్పునీటి పొర ఏర్పడుతుంది. ఇనుము కరిగి ఇనుప క్లోరైడు అవుతుంది. అది నీటితో, ఆక్సిజనుతో చర్య జరిపి తుప్పుగా మారుతూ, క్లోరైడును ఆమ్లరూపంలో విడిచిపెడుతుంది. ఆ ఆమ్లం మరికొంత ఇనుమును కరిగిస్తుంది. ఈ చక్రంలో ఇనుము ఖర్చవుతున్నది గాని క్లోరైడు ఖర్చు కావటం లేదు. అప్పు తీరకుండా వడ్డీ మాత్రమే వసూలు చేసే షావుకారు వంటిది ఈ క్లోరైడు.

ఇక నూనె మాట. పొటాషియం క్లోరైడు నూనెలో కరగదు. 100 గ్రాముల నీటిలోనైతే, గది ఉష్ణోగ్రతవద్ద దాదాపు 35 గ్రాములు కరుగుతుంది. మరిగే నీటిలో 50 గ్రాములకు పైగా. కనుక నూనె ఉప్పును తొలగించలేదు. పైన కప్పుతుంది, అంతే. కప్పు కింద చెమ్మ చేరినప్పుడు పని యథాప్రకారం సాగుతుంది. తాతగారి ప్రశ్నకు ఇదే సమాధానం. ఆయన శ్రద్ధలో లోపం లేదు. ముందు కడగాలి, తరువాత ఆరబెట్టాలి, ఆ పైన నూనె రాయాలి. ఆయన మొదటి రెండూ లేకుండా మూడవదే చేస్తూ వచ్చారు.

స్విస్ వారు చేసిన మార్పు

స్విస్ సైన్యం 20వ శతాబ్దపు తొలి సంవత్సరాలలోనే తన టోపీమందులో పొటాషియం క్లోరేటుకు బదులు బేరియం నైట్రేటు వాడటం మొదలుపెట్టింది. ఆక్సిజన్ అందించే పని అదీ చేస్తుంది. కాని మిగిలేది క్లోరైడు కాదు. చెమ్మను పీల్చని బేరియం సమ్మేళనాలు.

‘అది చల్లని దేశం, అక్కడ ఇంత చెమ్మ లేదు, అందువలన నళికలు బాగున్నాయేమో’ అని ఎవరైనా ఆక్షేపించవచ్చును. న్యాయమైన ఆక్షేపణే. అయితే ఇంగ్లండు కూడా చల్లని దేశమే. అక్కడి నళికలకు మరిగే నీరు అవసరమయ్యింది. వాతావరణం ఒక్కటే కారణమైతే ఆ అవసరం కలగకూడదు. కనుక ముఖ్యమైన భేదం మందులోనే ఉన్నది.

సేకరించే వారికి నాలుగు మాటలు

విదేశాలలో స్థిరపడిన మనవారిలో ఇటువంటి పాత తుపాకులను చట్టబద్ధంగా సేకరించే వారు కొందరు ఉన్నారు. వారికి ఉపకరిస్తుందని చెబుతున్నాను.

ఒకటి: లైసెన్సు లేనిదే ఏ దేశంలోనూ వీటి జోలికి పోరాదు. భారతదేశంలో 1959 నాటి ఆయుధ చట్టానికి 2019లో జరిగిన సవరణ ప్రకారం సాధారణ పౌరుడు రెండింటికి మించి తుపాకులు ఉంచుకోరాదు.

రెండు: నళిక లోపల వెలుగుకు చూసి, చాళ్ళ అంచులు పదునుగా ఉన్నవీ లేనిదీ గమనించాలి. బోల్టు మీద, దేహం మీద, తూటాల పెట్టె మీద ఒకే సంఖ్య ఉంటే అవి మొదటి నుంచీ కలిసి ఉన్న భాగాలని అర్థం.

మూడు: తూటా పట్టినంత మాత్రాన కాల్చరాదు. 1889 నమూనా స్విస్ తుపాకి పాత తక్కువ ఒత్తిడి తూటా కోసం చేసినది. 1911 తూటా అందులో కాల్చటం ప్రాణాపాయం. పేరున్న తుపాకి పనివాని పరీక్ష లేకుండా ఏ పాత తుపాకినీ పేల్చరాదు.

నాలుగు: ఏ కాలపు టోపీమందో తెలియనప్పుడు అది క్లోరేటుదే అనుకోవాలి. ఆ రోజే వేడినీటితో కడిగి, ఆరబెట్టి, నూనె రాయాలి. తరువాత చేతులు సబ్బుతో కడుక్కోవాలి. సీసం, పాదరసం రెండూ విషాలే.

కె-31 తుపాకుల వెనుక రేకును విప్పితే, కొన్నింటిలో ఆ తుపాకి పట్టిన సైనికుని పేరు, పుట్టిన సంవత్సరం, దళం రాసిన చిన్న చీటీ దొరుకుతుంది. నా మిత్రునికి దొరికిన చీటీని అతడు మళ్ళీ అక్కడే పెట్టి రేకు బిగించాడు. అది నాకు నచ్చింది.

తాతగారి గడియ

క్రిందటి నవంబరులో, వానలు వెళ్ళిన తరువాత, ఆ గొట్టాన్ని కడిగే పని మొదలుపెట్టాము. ఒక కొన మూసి ఉన్నది గనుక నిలువుగా పెడితే అది పరీక్షనాళిక వంటిదే. మొదట కిరసనాయిలుతో పాత నూనె జిడ్డు తీసివేశాము. శుద్ధజలంలో చాకలి సోడా నూటికి అయిదు పాళ్ళు కలిపి లోపల నింపాము. వట్టి నీరు పోస్తే ఇనుముకు వెంటనే కొత్త తుప్పు పడుతుంది. సోడా దానిని అడ్డుకుంటుంది. వారానికొకసారి ఆ నీరు తీసి, నత్రికామ్లం చుక్కలు వేసి సోడాను విరిచి, సిల్వర్ నైట్రేటు కలిపాను. మొదటి వారం నీరు పెరుగులా తెల్లగా విరిగింది. గొట్టంలో పోయని సోడా నీటికి అదే పరీక్ష చేస్తే తేటగానే ఉన్నది. కనుక క్లోరైడు గొట్టం నుంచి వచ్చినదే.

ఆ క్లోరైడు టోపీమందుదా, లేక సముద్రపు ఆటుపోట్లు తాకే యాంగోన్ నది గాలిదా అని సిల్వర్ నైట్రేటు చెప్పలేదు. బయటకంటే లోపలే గుంటలు ఎక్కువగా ఉండటం వలన నేను మొదటి దానినే అనుమానిస్తున్నాను. చికిత్స మాత్రం రెండింటికీ ఒకటే.

తొమ్మిదవ వారానికి నీరు తేటగా నిలిచింది. స్పిరిటుతో కడిగి, జనవరి ఎండలో మూడు రోజులు ఆరబెట్టి, అప్పుడు నూనె పోశాము. పోయిన ఇనుము తిరిగి రాదు; గుంటలు గుంటలుగానే ఉంటాయి. తుప్పు లోతులలో చిక్కిన ఉప్పు ఇంకా కొంత ఉండవచ్చును. అందువలన ఏటా ఒకసారి ఈ పరీక్ష చేయాలని తాతగారి మనుమరాలికి నేర్పాను. ఆమె ఇప్పుడు పదవ తరగతి. సిల్వర్ నైట్రేటు సీసాను నల్లకాగితం చుట్టి ఎందుకు దాచాలో నన్ను అడిగి తెలుసుకున్నది.

మొన్న ఆగస్టులో ముసురు పట్టిన రోజున వారింటికి వెళ్ళాను. తెల్లగుడ్డ చుట్టిన పుల్లను తాతగారు గొట్టంలో పెట్టి తిప్పి తీశారు. గుడ్డకు నూనె అంటినది గాని ఎర్రదనం అంటలేదు. ఆయన గుడ్డను రెండు వైపులా తిప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకుని, గడియను మళ్ళీ పెరటి తలుపుకు వేశారు.