రిఫరెన్సులో నా పేరొద్దు

చిరంజీవి చిన్నాకి,

నువ్వు వాట్సాప్‌లో పంపిన రెజ్యూమె ఫోన్లో చదవబోతే కళ్ళు లాగాయి. ప్రింటు తీయించి, ఎర్ర పెన్ను పట్టుకుని కూర్చున్నాను. నాలుగు పేజీలు! రెండేళ్ళ నాలుగు నెలల ఉద్యోగానికి నాలుగు పేజీలేమిట్రా? ఫోన్లో చెబితే సగం వింటావు, మిగతా సగానికి ‘సరే అత్తా, సరే’ అంటావు. అందుకే ఈ ఉత్తరం.

ముందు తీసేయాల్సినవి తీసేద్దాం. మొదటి పేజీలో పావు వంతు ‘కెరీర్ ఆబ్జెక్టివ్’ ఆక్రమించింది. సంస్థ ఎదుగుదలతో పాటు నేనూ ఎదగాలని నా ఆశయం అంటూ ఉన్న ఆ వాక్యాన్ని నేను మందుల కంపెనీ క్యూసీలో (క్వాలిటీ కంట్రోల్) పనిచేసినన్నాళ్ళూ వచ్చిన ప్రతి కాగితం మీదా చూశాను. అది చదివి ఎవరినీ పిలిచింది లేదు, మానింది లేదు. ఆఖరి పేజీలో మీ నాన్న పేరు, మతం, పెళ్ళి కాలేదన్న సంగతి, హాబీలు, పైన రాసినవన్నీ నిజమని ఒక డిక్లరేషన్. కంపెనీకి ఇవి కావాలంటే వాళ్ళ అప్లికేషన్ ఫారంలో వాళ్ళే అడుగుతారు. ఇంటర్ మార్కులు ఒక్క లైనులో సరిపోతాయి. ఇంజనీరింగ్ కుర్రాళ్ళ దగ్గర తెచ్చుకున్న ఆ రెండు కాలమ్‌ల రంగుల టెంప్లేటు కూడా వద్దు. జాబ్ సైట్లలో అప్‌లోడ్ చేస్తే కొన్నిసార్లు ఎడమవైపు అక్షరాలు కుడివైపు వాటితో కలిసిపోతాయి. ఇవన్నీ పోతే నీది రెండు పేజీలకు దిగుతుంది.

ఇక అసలు సంగతి. ‘ఇన్‌స్ట్రుమెంట్స్ హ్యాండిల్డ్’ అన్న చోట పన్నెండు పేర్లున్నాయి. అందులో డిసొల్యూషన్ అపారటస్ ఒకటి. నువ్వు పనిచేసేది పరవాడలో బల్క్ డ్రగ్ ప్లాంటులో కదా! అక్కడ పౌడరు తయారవుతుంది, టాబ్లెట్టు కాదు. మాత్ర ఎంతసేపట్లో కరిగి మందు ఎంత విడుదలవుతుందో చూసే యంత్రంతో మీ ల్యాబుకేం పని? ఫార్ములేషన్‌లో ఉన్న నీ స్నేహితుడి రెజ్యూమెలో కంపెనీ పేరు మార్చి మిగతాది అలాగే ఉంచావని ఆ ఒక్క మాటే చెప్పేస్తోంది. నేను ఇంటర్వ్యూ బల్ల వెనక ఉంటే మొదటి ప్రశ్న దాని మీదే వేసేదాన్ని. రెండో ప్రశ్న దాకా నువ్వు వచ్చేవాడివి కాదు.

బల్ల అవతలి మనిషి ఎలా చదువుతాడో చెబుతాను విను. బాచుపల్లిలోనో, జీడిమెట్లలోనో, పాశమైలారంలోనో ఆదివారం వాక్-ఇన్ పెడితే పొద్దున్నే గేటు బయట లైను కడతారు. చేతికొచ్చిన కాగితం మీద కన్ను పడేది పై మూడో వంతు మీదే. ఇప్పుడెక్కడ చేస్తున్నాడు, బల్క్ డ్రగ్గా ఫార్ములేషనా, క్యూసీలో ఏ సెక్షను, ఏ ఇన్‌స్ట్రుమెంటు మీద చెయ్యి తిరిగింది, ఏ సాఫ్ట్‌వేరు, ఎన్నాళ్ళుగా, ఎప్పటికి చేరగలడు. ఇవి వెంటనే కనపడకపోతే కాగితం పక్కకెళ్తుంది. నీ రెజ్యూమెలో ఎంపవర్ సాఫ్ట్‌వేర్ తెలుసన్న మాట మూడో పేజీలో, ఎంఎస్ ఆఫీస్ కింద ఉంది. నోటీసు పీరియడ్ మూడు నెలలన్న ముక్క అసలే లేదు.

‘క్యూసీ పనులన్నింటికీ బాధ్యత వహించాను’ అని అర్థం వచ్చేలా ఒక ఇంగ్లిష్ వాక్యం రాశావు. రెండేళ్ళ కెమిస్టుకి అన్నింటి బాధ్యతా ఎవరిచ్చార్రా? దాని బదులు నువ్వు చేసింది చేసినట్టు రాయి. ఇంటర్మీడియట్, ఫినిష్డ్ శాంపిళ్ళకు హెచ్‌పీఎల్‌సీ మీద అస్సే, రిలేటెడ్ సబ్‌స్టెన్సెస్; జీసీ మీద రెసిడ్యువల్ సాల్వెంట్లు; కార్ల్ ఫిషర్‌తో నీటి శాతం. షిఫ్టుకు సుమారు ఎన్ని శాంపిళ్ళు పూర్తిచేస్తావో ఆ అంకె. హెచ్‌పీఎల్‌సీ కాలిబ్రేషన్ నువ్వే చేస్తే చేశానని, పక్కన నిలబడి చూస్తే దాన్ని వదిలెయ్. యూఎస్‌ఎఫ్‌డీఏ ఇన్‌స్పెక్షన్ జరిగినప్పుడు ప్లాంటులో ఉండటం వేరు, ఇన్‌స్పెక్టరు అడిగిన డేటాకు నువ్వే జవాబు చెప్పడం వేరు. రెండోది జరిగితేనే రాయి.

ఒకసారి ఒకబ్బాయి ‘మెథడ్ వ్యాలిడేషన్’ అని బోల్డు అక్షరాల్లో కొట్టుకొచ్చాడు. లీనియారిటీకి ఎన్ని లెవెల్స్ తీసుకున్నావని అడిగాను. ఐసీహెచ్ క్యూ2 గైడ్‌లైనులో కనీసం ఐదు కాన్సంట్రేషన్లని ఉంది. ఆ పని చేసినవాడికి నిద్రలో లేపి అడిగినా తెలియాలి. నీళ్ళు నమిలాడు. తవ్వితే తేలిందేమిటంటే, వ్యాలిడేషన్ జరుగుతున్నప్పుడు స్టాండర్డ్‌లు తూచి సొల్యూషన్లు కలిపి ఇచ్చాడు. అది చిన్న పనా? వెయింగ్‌లో తేడా వస్తే మొత్తం పోతుంది. ‘వ్యాలిడేషన్‌కు సొల్యూషన్లు తయారుచేశాను’ అని రాసుంటే వెయింగ్ గురించే అడిగేదాన్ని, చక్కగా చెప్పేవాడు. ఉన్నదాన్ని పెంచబోయి అసలుకే ఎసరు తెచ్చుకున్నాడు. కాబట్టి ప్రతి లైను దగ్గరా ఆగి, దీని మీద పది నిమిషాలు మాట్లాడగలనా అని చూసుకో. మాట్లాడలేనిది కొట్టెయ్.

నువ్వు రాయనిది ఒకటుంది. సంక్రాంతికి వచ్చినప్పుడు అరిసెలు తింటూ చెప్పావు, గుర్తుందా? శాంపిల్‌లో ఎక్కడిదో తెలియని పీక్ వచ్చి అవుట్ ఆఫ్ స్పెసిఫికేషన్ అయింది, అందరూ బ్యాచి తప్పంటున్నారు, నువ్వేమో బ్లాంక్ క్రొమాటోగ్రామ్‌ని పెద్దది చేసి చూస్తే అదే పీక్ అక్కడా చిన్నగా ఉంది. చివరికి వయల్ మూతల సెప్టం నుంచి వస్తోందని ఇన్వెస్టిగేషన్‌లో తేలింది. నాలుగు పేజీల్లో దానికి ఒక్క లైను చోటు లేకపోయిందా! కెమిస్టుకి కళ్ళు ఉన్నాయో లేదో చెప్పేది అలాంటి సంగతే. ప్రాడక్టు పేరు, బ్యాచి నంబరు, కస్టమరు పేరు లేకుండా రెండు లైన్లలో రాయి. ఆ పేర్లు, నంబర్లు ఇంటర్వ్యూలోనూ చెప్పకు. ఫోన్లో క్రొమాటోగ్రామ్ ఫోటో చూపించి మార్కులు కొట్టేద్దామనుకున్నవాళ్ళనీ చూశాను. ఫోను ల్యాబులోకి ఎలా వెళ్ళిందన్న ప్రశ్నతోనే ఆ ఇంటర్వ్యూ అయిపోతుంది.

ఇప్పుడు ‘త్రీ ప్లస్ ఇయర్స్’ సంగతి. మొదటి ఎనిమిది నెలలూ కాంట్రాక్టరు రోల్స్‌లో ఉన్నావు, తర్వాత కంపెనీ రోల్స్‌లోకి తీసుకున్నారు. నువ్వేమో మొత్తం కంపెనీ రోల్స్ కింద చూపించి, పైగా ఇంకో ఎనిమిది నెలలు కలిపావు. మీ రూమ్మేటు అలాగే పెట్టాడని, ఎవరూ పట్టించుకోలేదని అన్నావు. 2014లో యూఏఎన్ వచ్చాక పీఎఫ్ ఏ నెలలో ఎవరు కట్టారో అంతా ఒకే నంబరు కింద ఉంటోంది. బ్యాక్‌గ్రౌండ్ వెరిఫికేషన్ వాళ్ళు సర్వీస్ హిస్టరీ తెరిస్తే కాంట్రాక్టరు పేరు, చేరిన తేదీ, మానేసిన తేదీ వరసగా కనపడతాయి. ఆఫరు చేతికొచ్చి, అక్కడ రాజీనామా ఇచ్చాక అది బయటపడితే రెంటికీ చెడ్డ రేవడివవుతావు.

కాంట్రాక్టు రోల్స్‌లో ఉండటం నామోషీ ఏం కాదు. మన ఫార్మాలో చాలామంది అలా చేరినవాళ్ళే. ‘ఫలానా కాంట్రాక్టరు పేరోల్ మీద, ఫలానా ప్లాంటు క్యూసీ ల్యాబులో’ అని సూటిగా రాయి. అక్కడి నుంచి కంపెనీ వాళ్ళే లోపలికి తీసుకున్నారంటే నీకది మెచ్చుకోలే. పైగా మన పనిలో తేదీకున్న విలువ వేరు. ల్యాబులో మొదటి వారం ట్రైనింగులోనే అల్కోవా అని చెబుతారు కదా: చేసినవాడెవరో తెలియాలి, చదవడానికి వీలుండాలి, చేసినప్పుడే రాయాలి, అసలు రికార్డై ఉండాలి, సరిగ్గా ఉండాలి. సొంత రెజ్యూమెలో తేదీ జరిపినవాడు లాగ్‌బుక్కులో జరపడని ఏ క్యూసీ మేనేజరు నమ్ముతాడు?

ఇంకో చిక్కు, మన తెలుగువాళ్ళందరికీ ఉండేదే. నీ పదో తరగతి మెమోలో ఇంటిపేరు ముందు, పూర్తిగా. ఆధార్‌లో చివర. పాన్‌లో ఇంటిపేరు పొడి అక్షరం. రెజ్యూమె మీద మెమోలో ఉన్న పేరే పెట్టు, ఆధార్, పాన్ దానికి సరిచేయించుకో. యూఏఎన్‌లో ఏ పేరుందో కూడా చూసుకో. ఆఫరు వచ్చాక పరిగెత్తితే మీసేవ చుట్టూ, హెచ్‌ఆర్ చుట్టూ తిరగడంతోనే చేరాల్సిన తేదీ దాటిపోతుంది.

రిఫరెన్సుల దగ్గరికొద్దాం. ముగ్గురి పేర్లు ఇచ్చావు. మొదటి పేరు నాదే! మన ఇంటిపేర్లు వేరు కాబట్టి మేనత్తనని ఎవరికీ తెలియదని నీ ఉపాయం. నేను నీతో ఒక్క షిఫ్టు కూడా పనిచేయలేదు, నీ పని గురించి ఏమని చెప్పను? ‘అభ్యర్థి మీకెలా తెలుసు’ అన్నది వాళ్ళడిగే మొదటి ప్రశ్న. దానికి అబద్ధం ఆడించకు నన్ను. రెండో ఆయన మీ నాన్న స్నేహితుడు, పెద్ద హోదా, కానీ నిన్ను చూసింది పెళ్ళిళ్ళలోనే. మూడో పేరు నీ ఇప్పటి టీమ్ లీడరు. ఆయనతో నీకు పడదని నువ్వే అంటావు, నువ్వు వేరే చోట చూసుకుంటున్న సంగతే ఆయనకి తెలియదు. హైదరాబాదు నుంచి ఒక ఫోను వెళ్తే ఆయన ముందు నీ పరిస్థితేమిటి?

అసలు రెజ్యూమెలో ఈ పేర్లు, ఫోన్ నంబర్లు ఉండనే కూడదు. ఆ కాగితం ఎన్ని గ్రూపుల్లో తిరుగుతుందో నీకేం తెలుసు? వేరే కాగితం మీద సిద్ధంగా ఉంచుకుని, అడిగినప్పుడు ఇవ్వు. నిన్ను మొదట హెచ్‌పీఎల్‌సీ మీద కూర్చోబెట్టిన సెక్షన్ ఇన్‌చార్జి జడ్చర్ల వెళ్ళిపోయారన్నావు కదా, ఆయన్ని అడుగు. కంపెనీ మారినా అప్పట్లో నీ పై అధికారే. అప్పటి హోదా, ఇప్పటి హోదా రెండూ రాయి. రెండో పేరుగా క్యూఏలో (క్వాలిటీ అస్యూరెన్స్) నీ డేటా రివ్యూ చేసే మేడమ్. నీ తప్పులు, కొట్టివేతలు, సంతకాలు రోజూ చూసేది ఆవిడే. అలాంటి మనిషి ‘ఇతని డేటా వెనక్కి పంపే అవసరం పెద్దగా రాలేదు’ అంటే ఏ డైరెక్టరు సిఫార్సూ దాని ముందు నిలవదు. కాకపోతే ఆవిడా మీ కంపెనీ ఉద్యోగే కాబట్టి, రహస్యం దాచగలరన్న నమ్మకం ఉంటేనే అడుగు. లేదంటే ఆంధ్రా యూనివర్సిటీలో నీ ఎమ్మెస్సీ ప్రాజెక్టు గైడు ఉన్నారు.

అడగడం కూడా ఒక పద్ధతిగా అడుగు. వాట్సాప్‌లో ‘సార్, మీ పేరు ఇచ్చాను’ అని పడేయకు. ఆ ఇన్‌చార్జి గారికి ఫోన్ చేసి, ఏ ఉద్యోగానికి వెళ్తున్నావో చెప్పి, ‘మీకు ఇబ్బంది లేకపోతేనే సార్’ అను. ఆయన ‘చూద్దాంలే’ అని నసిగితే థాంక్స్ చెప్పి అక్కడితో వదిలెయ్. అయిష్టంగా ఒప్పుకున్నవాడు ఫోన్లో పొడిపొడిగా మాట్లాడితే తిట్టినదానికన్నా చేటు. సరేనంటే నీ రెజ్యూమె పంపి, ఆ బ్లాంక్ పీక్ సంగతి గుర్తుచెయ్. ఎంతమంది పిల్లలు ఆయన చేతి కింద పనిచేసి వెళ్ళారో, అన్నీ గుర్తుండవు. ఆఫీసు మెయిల్ ఐడీ అడిగి తీసుకో, జీమెయిల్ ఇస్తే వెరిఫికేషన్ వాళ్ళు చాలాసార్లు ఒప్పుకోరు. ఉద్యోగం వచ్చినా రాకపోయినా ఆయనకి కబురు చెప్పు. పని అయ్యాక మొహం చాటేసేవాడికి రెండోసారి ఎవరు మాట సాయం చేస్తారు?

టీమ్ లీడరుని మాత్రం పూర్తిగా తప్పించుకోలేవు. ‘ప్రస్తుత కంపెనీని ఆఫర్ అంగీకరించాకే సంప్రదించండి’ అని ఫారంలో రాయొచ్చు, దాన్ని సాధారణంగా గౌరవిస్తారు. కానీ ఆ తర్వాత అడుగుతారు. ఎన్నాళ్ళు చేశాడు, క్రమశిక్షణ చర్యలేమైనా ఉన్నాయా, మళ్ళీ అవకాశముంటే తీసుకుంటారా. ఈ చివరి గడిలో ‘లేదు’ అని టిక్కు పడకుండా చూసుకోవడం నీ చేతిలోనే ఉంది. నోటీసు పీరియడ్ మొత్తం చెయ్. రివ్యూకి పెండింగ్ ఉన్న డేటా అంతా ముగించు, నీ పేరున ఉన్న కాలమ్స్, స్టాండర్డ్స్, లాగ్‌బుక్కులు లెక్క చూపించి అప్పజెప్పి సంతకం తీసుకో. ఆయన మీద కోపం ఎంతున్నా ఇంటర్వ్యూలో ఒక్క మాట అనకు. ఎందుకు మారుతున్నావంటే ఫార్ములేషన్ నేర్చుకోవాలని ఉందను. నిజమే కదా? ఆ పని రాదని ముందే ఒప్పుకున్నవాడికి డిసొల్యూషన్ నేర్పడానికి ఎవరికీ అభ్యంతరం ఉండదు. రిలీవింగ్ లెటరు, సర్వీస్ సర్టిఫికెట్టు చేతికి రాకుండా విశాఖ వదలకు. పీఎఫ్‌లో వాళ్ళు ఎగ్జిట్ డేటు పెట్టకపోతే, ఆఖరి కంట్రిబ్యూషన్ నుంచి రెండు నెలలు దాటాక నువ్వే పోర్టల్‌లో పెట్టుకోవచ్చు.

‘ఎవరికైనా ఒక మాట చెప్పు అత్తా’ అన్నావు. చెబుతాను. నాతో పనిచేసినవాళ్ళు ఇద్దరు ముగ్గురు ఫార్ములేషన్ యూనిట్లలో ఉన్నారు. నా మేనల్లుడని చెప్పే నీ కాగితం వాళ్ళకి పంపుతాను, తీసుకోవడం మానడం వాళ్ళిష్టం. కానీ ఇప్పుడున్నది పంపను. ఉద్యోగం ఖాయమని డబ్బు కట్టించుకునే కన్సల్టెన్సీ ఏదో అమీర్‌పేటలో ఉందని మీ అమ్మ అంటోంది, ఆ ఊసెత్తకు.

వచ్చే శనివారంలోగా కొత్తది వర్డ్ ఫైల్లో పంపు, పీడీఎఫ్‌లో నేను దిద్దలేను. హైదరాబాదు వచ్చేటప్పుడు ఒరిజినల్ మెమోలు, ఆఖరి మూడు నెలల పేస్లిప్పులు, ఇంక్రిమెంట్ లెటరు తెచ్చుకో, వాక్-ఇన్‌లో అడుగుతారు. మావయ్య స్టేషన్‌కి వస్తారు, రైలు నంబరు ముందురోజే చెప్పు.

ఇట్లు,
మీ అత్తయ్య