మన నేల చూసిన ప్రభుత్వాలు

పోటీ పరీక్షలకు తయారవుతున్న తమ్ముళ్ళు, చెల్లెళ్ళు మమ్మల్ని తరచు అడిగే ప్రశ్న ఒకటుంది. "రాజరికం, గణతంత్రం, పార్లమెంటరీ, అధ్యక్ష తరహా, ఏకకేంద్రం, సమాఖ్య... ఇన్ని పేర్లు గుర్తుండేదెలా?" అని. బట్టీ పడితే గుర్తుండవు. మన గజపతినగరానికి అటు విజయనగరం, ఇటు బొబ్బిలి ఉన్నాయి. ఆ చరిత్రను పక్కన పెట్టుకుని చదివితే మరచిపోవడమే కష్టం.

వర్గీకరణ అనగానే పుస్తకాలన్నీ అరిస్టాటిల్‌తో మొదలుపెడతాయి. క్రీ.పూ. 4వ శతాబ్దికి చెందిన ఆయన రెండు ప్రశ్నలు వేశాడు. పాలించేది ఎందరు? ఎవరి మేలు కోసం? ఒక్కడు అందరి మేలు కోరితే రాజరికం, తన మేలే చూసుకుంటే నిరంకుశత్వం. కొందరు పాలిస్తే కులీన పాలన, అది చెడితే స్వల్పజన పాలన. అనేకులు పాలిస్తే 'పాలిటీ', అది చెడితే ప్రజాస్వామ్యం. అవును, మనం నెత్తిన పెట్టుకునే మాటను ఆయన చెడ్డ జాబితాలో వేశాడు! బిట్ పేపర్లో ఇక్కడే చాలామంది పడిపోతారు. ఇంకొక సంగతి. ఆయన లెక్కలో బానిసలు, స్త్రీలు పౌరులే కారు. కాబట్టి 'అనేకులు' అన్నప్పుడు అందులో ఎవరున్నారని మనం మూడో ప్రశ్న వేసుకోవాలి.

ఇప్పుడు మన నేలకు వద్దాం. విజయనగరం పూసపాటి వారిని జనం మహారాజులనే పిలిచారు. మరి అది రాజరికమేనా? పేష్కష్ తగాదా ముదిరి 1794 జూలై 10న పద్మనాభం దగ్గర కంపెనీ సేనతో జరిగిన యుద్ధంలో చిన విజయరామరాజు మరణించాడు. 1802లో శాశ్వత శిస్తు నిర్ణయం జరిగినప్పుడు 1,157 గ్రామాల ఆ సంస్థానం ఏటా 5 లక్షల రూపాయలు కంపెనీకి కట్టాలని తేల్చారు. తనపైన మరొకరికి కప్పం కట్టేవాడు సార్వభౌముడు కాడు. అంటే కోట ఉన్నా, ఏనుగులు ఉన్నా, శాస్త్రప్రకారం అది జమీందారీయే. రైతుకు మాత్రం ఈ తేడాతో పనిలేదు, శిస్తు అడగడానికి వచ్చేది దివాణం మనిషే కదా! ఇక ఆ రైతు దగ్గర కంబారిగా ఉన్నవాడికి దివాణమూ కంపెనీ రెండూ దూరమే. అతడికి ప్రభుత్వమంటే ఆ రైతే. మా ఇంట్లో డిగ్రీ దాకా వచ్చిన మొదటి తరం మాదే గనుక ఈ మాట పుస్తకం చూడకుండానే రాయగలం.

తరువాత 1937 ఎన్నికలు. మద్రాసు రాష్ట్ర ప్రధానిగా ఉన్న బొబ్బిలి రాజాను బొబ్బిలిలోనే వి.వి.గిరి ఓడించారు. రాజు ఓడాడు కాబట్టి ప్రజాస్వామ్యం వచ్చేసిందని కొందరు రాస్తారు. మేము ఒప్పుకోము. అప్పటికి ఓటు ఆస్తి, పన్ను, చదువు వంటి అర్హతలు ఉన్నవారికే. అంటే 'కొందరి' పాలనకూ 'అనేకుల' పాలనకూ మధ్యనున్న మెట్టు అది. 1948 చట్టంతో జమీందారీలు రద్దయ్యాయి. 1951-52 ఎన్నికల్లోనే ఆస్తి లేని మన తాతలు, అవ్వలు తొలిసారి ఓటు వేశారు.

ఇక ఆధునిక వర్గీకరణ. దేశాధినేత పదవి వారసత్వంగా వస్తుందా? రాకపోతే గణతంత్రం. బ్రిటన్ ప్రజాస్వామ్యమే గాని గణతంత్రం కాదు. నేపాల్ 2008 మే 28న గణతంత్రమైంది. ప్రభుత్వాన్ని సభ అవిశ్వాసంతో దించగలదా? దించగలిగితే పార్లమెంటరీ. 1999 ఏప్రిల్ 17న వాజ్‌పేయి ప్రభుత్వం ఒక్క ఓటుతో పడిపోయింది. అమెరికా అధ్యక్షుణ్ణి అలా దించలేరు, అభిశంసన ఒక్కటే దారి. అధికారాలను కేంద్రానికీ రాష్ట్రాలకూ రాజ్యాంగమే పంచిందా? పంచితే సమాఖ్య. అయితే మన సమాఖ్య అమెరికా వంటిది కాదు. 2014లో శాసనసభ బిల్లును తిరస్కరించినా పార్లమెంటు మన రాష్ట్రాన్ని విభజించగలిగింది. అమెరికాలో ఆ రాష్ట్ర శాసనసభ ఒప్పుకోకుండా అది జరగదు.

మన పక్కనే మరో తరహా కూడా ఉంది. 1839 చట్టం కొండ ప్రాంతాలను మామూలు చట్టాల నుంచి తప్పించి కలెక్టరును గవర్నరు ఏజెంటుగా చేసింది. 'ఏజెన్సీ' అన్న పేరు అలా వచ్చిందే. నేడు ఆ ప్రాంతాలకు అయిదో షెడ్యూలు వర్తిస్తుంది. మన జిల్లాలోని ఏజెన్సీ మండలాలు 2022 ఏప్రిల్ 4 నుంచి పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్ళాయి.

రాజకీయాల్లో సమానత్వం, బతుకులో అసమానత్వం అనే వైరుధ్యంలోకి అడుగుపెడుతున్నామని అంబేడ్కర్ 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో హెచ్చరించారు. 1993లో అమలులోకి వచ్చిన 73వ సవరణ ఎస్సీ, ఎస్టీలకు, స్త్రీలకు పంచాయతీల్లో సీట్లు కేటాయించింది. కాని సర్పంచిగా గెలిచిన అక్క సంతకం పెడుతుంటే, కుర్చీలో భర్తో, ఊరి పెద్దో కూర్చున్న పంచాయతీలను మేము చూశాం. కుర్చీ వదలని సర్పంచమ్మలనూ చూశాం. కాగితం మీద రెండూ ఒకే రకం ప్రభుత్వం. అరిస్టాటిల్ రెండో ప్రశ్న వేస్తే వేరువేరు గదుల్లో పడతాయి.

సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడు గ్రామసభ జరిగితే వెళ్ళి కూర్చోండి. ఓటరుగా పేరున్న ప్రతి ఒక్కరూ అందులో సభ్యులే, ప్రత్యక్ష ప్రజాస్వామ్యానికి మన దగ్గరున్న నమూనా అదొక్కటే. ఎవరు మాట్లాడారు, ఎవరు గోడవార నిలబడ్డారు, తీర్మానం రాసిందెవరు అన్నవి నోటుబుక్కులో రాసుకుని, మీ ఊరిది పైవాటిలో ఏ తరహా పాలనో మీరే తేల్చండి.