డెమో క్లాసులో టెన్సెస్ ఎలా చెప్పాలి?

స్పోకెన్ ఇంగ్లిష్ ట్రైనర్ ఉద్యోగానికైనా, ప్రైవేటు స్కూల్లో ఇంగ్లిష్ టీచర్ పోస్టుకైనా డెమో క్లాసు తప్పదు. అందులో తరచూ ఇచ్చే టాపిక్ టెన్సెస్. చాలామంది అభ్యర్థులు బోర్డు మీద పన్నెండు గళ్ల పట్టిక గీసి, సూత్రాలు రాసి, ఒక్కోదానికి ఒక ఉదాహరణ చెప్పి దిగిపోతారు. పిల్లలు హైస్కూలు నుంచీ చూస్తున్న పట్టికే అది. వీ1, వీ2, వీ3 వాళ్లకు కంఠతా వచ్చు. మాట్లాడమంటేనే నోరు పెగలదు.

తెలుగు విద్యార్థి ఎక్కడ తడబడతాడో తెలిసిన టీచర్‌కే ఈ పాఠం పట్టుబడుతుంది. ‘రోజూ వస్తాను’, ‘రేపు వస్తాను’ అనడానికి మనకు క్రియ ఒకటే, ఇంగ్లిష్‌లో రెండు. ‘మూడేళ్లుగా పని చేస్తున్నాను’ అనే మాట కూడా నేరుగా ‘ఐ యామ్ వర్కింగ్ హియర్ సిన్స్ త్రీ ఇయర్స్’ అయిపోతుంది. ఇంటర్వ్యూల్లో తరచూ వినిపించే తప్పు ఇది. ‘ఐ హావ్ బీన్ వర్కింగ్ హియర్ ఫర్ త్రీ ఇయర్స్’ అనాలి. ఆ తప్పు మన భాష అలవాటు వల్ల వచ్చిందని టీచర్ చెబితే చాలు, విద్యార్థికి సగం బెరుకు పోతుంది.

డెమోకు ఒక్క టెన్స్ చాలు. ప్రెజెంట్ పర్ఫెక్ట్ తీసుకోండి. సూత్రం కంటే ముందు సందర్భం చెప్పండి: తాళం వేసిన గుమ్మం ముందు ఒకతను జేబులు తడుముకుంటున్నాడు. ‘ఐ హావ్ లాస్ట్ మై కీస్’ అని బోర్డు మీద రాసి, కింద గీత గీసి ‘అప్పుడు’, ‘ఇప్పుడు’ గుర్తులు పెట్టండి. “అర్థమైందా?” అని అడగొద్దు, అందరూ తలూపేస్తారు. “తాళాలు ఇప్పుడు దొరికాయా? ఎప్పుడు పోయాయో చెప్పాడా?” అని అడగండి. రెండింటికీ ‘లేదు’ అంటే పాఠం ఎక్కినట్టే. ఇక ‘యెస్టర్‌డే’ చేర్చి, ‘ఐ లాస్ట్’ ఎందుకనాలో వాళ్లచేతే చెప్పించండి. సూత్రం ఆ తర్వాత రెండు నిమిషాల పని.

అర్హతల సంగతికొస్తే, ప్రభుత్వ స్కూల్ అసిస్టెంట్ పోస్టుకు బీఈడీ, టెట్ కావాలి. 1958లో కేంద్ర ఆంగ్ల సంస్థగా మొదలైన హైదరాబాద్‌లోని ఇఫ్లూ విశ్వవిద్యాలయంలో ఇంగ్లిష్ బోధనకే ప్రత్యేక కోర్సులున్నాయి. విదేశాల్లో చెప్పాలనుకునేవారికి కేంబ్రిడ్జ్ వారి సెల్టా అనే టీచింగ్ సర్టిఫికెట్ పనికొస్తుంది. కనీసం 120 గంటల శిక్షణలో ఆరు గంటలు అసలైన విద్యార్థులకు పాఠం చెప్పాలి. ఫీజు మాత్రం బరువే. ఇంకా ఒక్క క్లాసు కూడా చెప్పనివారు దానికోసం అప్పు చేయొద్దు.

ముందు మీ వీధిలో నలుగురు పిల్లల్ని కూర్చోబెట్టి ఈ పాఠం చెప్పండి. ఫోన్‌లో రికార్డు చేసి, మీరెంతసేపు మాట్లాడారో, వాళ్లెంతసేపు మాట్లాడారో వినండి. వాళ్ల గొంతు తక్కువ వినిపిస్తే పాఠం మార్చి మళ్లీ చెప్పండి.