ఇంటి ఆదాయం ఒక్కటే, కొలతలు వేరు



"మాకు తెల్లకార్డు లేదు సిస్టరమ్మా, మాకేమీ వర్తించదు." వార్డులో రోగుల బంధువుల నోట తరచుగా వినే మాట ఇది. అలా అనుకొని కొందరు వడ్డీకి డబ్బు తెస్తారు. మరికొందరు ఆపరేషన్ వాయిదా వేసుకొని, జబ్బు ముదిరాక వస్తారు. ఒక పథకానికి మన ఆదాయం ఎక్కువైనంత మాత్రాన అన్ని పథకాలకూ ఎక్కువైనట్లు కాదు. ఈ నెల మనం నేర్చుకోవలసిన పాఠం ఇదే.

ఆంధ్రప్రదేశ్‌లోని ఒక పల్లెలో ఒక కుటుంబాన్ని ఊహించుకుందాం. తండ్రి కూలి పనులకు వెళ్తాడు, నెలకు సుమారు 6,000 రూపాయలు వస్తాయి. కుమారుడు ఒక చిన్న దుకాణంలో పని చేసి 18,000 తెస్తాడు. కోడలు తొలిచూలు గర్భవతి. నాయనమ్మకు 72 ఏళ్లు. అందరిదీ కలిపితే నెలకు 24,000, సంవత్సరానికి 2,88,000 రూపాయలు. ఈ ఇంటిని నాలుగు పథకాలు నాలుగు రకాలుగా కొలుస్తాయి.

1. బియ్యం కార్డు: 2019లో పెట్టిన నియమాల ప్రకారం కుటుంబ ఆదాయం పల్లెలో నెలకు 10,000, పట్టణంలో 12,000 రూపాయలు దాటకూడదు. భూమి, నెలకు 300 యూనిట్ల కరెంటు, సొంత కారు వంటివి కూడా చూస్తారు. మన కుటుంబానికి ఈ కార్డు రాదు.

2. ఉచిత వైద్యం: 2007లో ఆరోగ్యశ్రీగా మొదలైన పథకం ఇది. 2024 నుండి ఎన్టీఆర్ వైద్యసేవ అంటున్నారు. 2019లో దీని ఆదాయ పరిమితిని సంవత్సరానికి 5 లక్షల రూపాయలకు పెంచారు. అంటే బియ్యం కార్డు రాని మన కుటుంబం కూడా దీనికి అర్హమే. 2025 సెప్టెంబరులో రాష్ట్ర మంత్రివర్గం అన్ని కుటుంబాలకూ ఆరోగ్య బీమా ఇచ్చే విధానాన్ని ఆమోదించింది. కనుక ఆసుపత్రిలో చేరే రోజున ఏ నియమం అమలులో ఉందో వైద్యమిత్రను అడగండి. 104కు ఫోన్ చేసి కూడా తెలుసుకోవచ్చు.

3. తల్లికి సహాయం: ప్రధానమంత్రి మాతృ వందన యోజనలో తొలి కాన్పుకు 5,000 రూపాయలు రెండు విడతలుగా ఇస్తారు. రెండవ కాన్పులో ఆడపిల్ల పుడితే 6,000. సంవత్సర ఆదాయం 8 లక్షల లోపు ఉన్న కుటుంబాల స్త్రీలు కూడా ఇందులో ఉన్నారు. కోడలు గర్భం నిలిచిన తొలి నెలల్లోనే అంగన్‌వాడీలో పేరు నమోదు చేయించుకొని, పరీక్షలు చేయించుకోవాలి.

4. వృద్ధులకు: 70 ఏళ్లు నిండినవారికి 2024 అక్టోబరు నుండి ఆయుష్మాన్ భారత్ ద్వారా సంవత్సరానికి 5 లక్షల రూపాయల వరకు వైద్యం వర్తిస్తుంది. దీనికి ఆదాయం అడగరు. నాయనమ్మకు కావలసినది ఆధార్‌తో నమోదు మాత్రమే.

కుమారుడు ఈఎస్‌ఐ ఉన్న కంపెనీలో పని చేస్తున్నట్లయితే లెక్క మారుతుంది. 2017లో ఈఎస్‌ఐ జీతం పరిమితిని నెలకు 21,000 చేశారు. ఆ పరిమితికి చూసేది ఇంటి ఆదాయం కాదు, ఉద్యోగి జీతం. అందులో ఓవర్‌టైం డబ్బు కలపరు. ఏప్రిల్ నుండి సెప్టెంబరు, అక్టోబరు నుండి మార్చి అని రెండు చందా కాలాలు ఉన్నాయి. మధ్యలో జీతం పెరిగినా ఆ కాలం ముగిసేవరకు ఈఎస్‌ఐ కొనసాగుతుంది. భార్యాబిడ్డలకు, ఆధారపడిన తల్లిదండ్రులకు కూడా వైద్యం ఉంటుంది. ఈఎస్‌ఐ ఉన్నవారు ఆ సంగతి ఆసుపత్రిలో ముందుగానే చెప్పాలి.

ఇక ఇంటి దగ్గర చేయవలసిన పనులు:

• ఇంట్లో అందరి సంపాదన ఒక కాగితం మీద వ్రాసుకోండి. ఇంటి యజమాని సంపాదన ఒక్కటే కుటుంబ ఆదాయం కాదు.

• పెళ్లి, పుట్టుక, మరణం, వేరు కాపురం జరిగినప్పుడు కార్డులో పేర్లు సరిచేయించండి. ఆధార్‌లో, కార్డులో పేరూ వయసూ ఒకేలా ఉండాలి.

• ఒకే కరెంటు మీటరు మీద రెండు కాపురాలు ఉంటే యూనిట్లన్నీ ఒకరి పేరున పడతాయి. సచివాలయంలో అడిగి సరిచేయించుకోండి.

• ఆదాయం దాచవద్దు. అది దేవుని ఎదుట తప్పు. పైగా ఆధార్‌తో వివరాలు బయటపడితే కార్డు ఆగిపోతుంది, అది కూడా అవసరమైన వేళ.

గోపురం కట్టబోయే మనిషిని గూర్చి ప్రభువు చెప్పిన ఉపమానం మీకు తెలిసినదే. లెక్క ముందుగా చూసుకోవాలి. అర్ధరాత్రి నొప్పితో వచ్చినప్పుడు కాగితాలు వెదకడం కష్టం. ఈ ఆదివారం ఆరాధన తరువాత ఇంటిల్లిపాదీ కూర్చొని మీ కార్డులు బయటికి తీసి చూడండి. చదువురాని పొరుగువారి కార్డులు కూడా చదివి చెప్పండి. వడ్డీ వ్యాపారి గుమ్మం ఎక్కే ముందు మా దగ్గరకు వచ్చి ఒక్క మాట అడగండి.

దేవుడు మీ కుటుంబాలకు ఆరోగ్యం దయచేయును గాక.

– నర్సింగ్ సూపరింటెండెంట్