కామ్‌రేజ్‌లో మందుల షాపు తెరువనున్న మేనల్లునికి

లింబాయత్, సూరత్



నీ జాబు చేరినది. ఓరుగల్లున కాకతీయ విశ్వవిద్యాలయములో ఔషధశాస్త్రము చదివి, గుజరాత్ రాష్ట్ర ఫార్మసీ కౌన్సిల్‌లో పేరు నమోదు చేయించుకొని, కామ్‌రేజ్ చార్ రస్తా దాపున సొంతముగా మందుల షాపు తెరువ సంకల్పించితివని తెలిసి మీ అత్తయు నేనును మిక్కిలి సంతసించితిమి. అయితే ఆ జాబు చివర, ఏదో సామాన్యవిషయము వలె, ఒక వర్తకుడు నీ సర్టిఫికెట్టును తన రెండవ షాపు గోడకు తగిలించుకొనుటకు నెలనెలా కొంత పైకమిత్తుననుచున్నాడనియు, నీవు అచటికి పోనక్కరయే లేదనియు, ఇది అందరును చేయుచున్న పనియే కదా యనియు వ్రాసితివి. నేను వ్రాయుచున్న ఈ జాబంతయు ఆ నాలుగు మాటలకు సమాధానమే.

అందరును చేయుచున్నారన్నది నిజమే కావచ్చును. అయినను ఆ పైకము దేనికి మూల్యమో నీవు విచారించినట్లు లేదు. 1930లో ఏర్పడిన రామ్‌నాథ్ చోప్రా సంఘము ఈ దేశపు మందుల వ్యాపారమును, అందలి కల్తీని, శిక్షణ లేని చేతులలో సాగుచున్న విక్రయమును విచారించి చేసిన సిఫార్సుల ఫలితముగా 1940లో ఔషధముల చట్టమును, 1945లో దాని నియమావళియు, 1948లో ఫార్మసీ చట్టమును అవతరించినవి. వీనిలో మొదటిది మందును, అంగడిని కట్టడి చేయగా, చివరిది మనిషిని కట్టడి చేయును. వైద్యుని చీటీపై మందు కూర్చి ఇచ్చు అధికారము రిజిస్టరైన ఫార్మసిస్టునకు తప్ప అన్యులకు లేదని ఫార్మసీ చట్టపు 42వ సెక్షను చెప్పుచున్నది. ఆ మందు అతని స్వీయ పర్యవేక్షణలోనే చేతులు మారవలెనని 1945నాటి నియమావళిలోని 65వ నియమము శాసించుచున్నది. ఫారము 20, ఫారము 21 అను లైసెన్సులపై యజమాని పేరుతో పాటు నీ పేరు కూడ ఎక్కునది ఇందులకే. నీవు లేని షాపులో నీ పేరు మాత్రము వ్రేలాడుచుండగా, పదవ తరగతి తప్పిన కుర్రవాడొకడు ఎవరికో ఏదో మందు ఇచ్చినచో, ఆ ఇచ్చిన చేయి నీదేయని చట్టము భావించును. నా దృష్టిలో ధర్మమును అట్లే భావించును.

ఆ చేయి యెంత పని చేయగలదో ఒక్క ఉదాహరణము చెప్పెదను. కీళ్ళవాతమునకు వైద్యులు మెథోట్రెక్సేట్ మాత్రను వ్రాయుదురు. అది వారమునకు ఒక్క దినము మాత్రమే వేసికొనవలసినది. దాని దుష్ఫలితములను తగ్గించుటకు తక్కిన దినములలో ఫోలిక్ ఆసిడ్ మాత్రను వేసికొమ్మందురు. తరచుగా రెండును పసుపుపచ్చని చిన్న బిళ్ళలే. చదువురాని ముసలమ్మ ఒకతె ఈ రెంటిని తారుమారు చేసికొని మెథోట్రెక్సేట్‌ను ప్రతిదినము మ్రింగినచో, కొలది దినములలోనే నోరంతయు పుండై, ఎముకల మజ్జ చెడి, రక్తకణములు క్షీణించి ప్రాణము మీదికి వచ్చును. చీటీ సరియైనదే, బిల్లు సరియైనదే, మందును అసలైనదే. లోపించినదెల్లను ‘అమ్మా, ఇది బుధవారము ఒక్కనాడే’ యని ఆమెకు తెలియు భాషలో చెప్పి, సంచిపై ఆ వారము పేరు వ్రాసి, ఆమె చేత మరల చెప్పించుకొను మనిషి. ఈ రెండు మందులును 1895లో భీమవరమున జన్మించిన మన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలో లెడర్లీ ప్రయోగశాలల పరిశోధనకు అధిపతియై యున్న కాలమున ఆయన బృందము కృషితో లోకమునకు అందినవని నీకు పాఠముగా చెప్పియే యుందురు. అట్టి మహామహుల తపస్సు చివరకు గల్లా పెట్టె యొద్ద నిలిచిన మనిషి నాలుకపై ఆధారపడి యున్నది. కామ్‌రేజ్‌లో నీ యొద్దకు వచ్చువారు గుజరాతీ, హిందీ, మరాఠీ, ఒడియా, తెలుగు మాటలాడువారు; కనీసము వారముల పేర్లు, ‘భోజనమునకు ముందు’, ‘తరువాత’ అను మాటలు ఈ ఐదింటను నేర్చుకొనుము.

అట్టి మనిషి విలువ నాకు తెలిసినది 1994 సెప్టెంబరున; అప్పటికి నీవు పుట్టలేదు. సూరత్‌లో ప్లేగు సోకినదన్న వార్త పొక్కగానే లక్షలాది జనులు రైళ్ళకు బస్సులకు ఎగబడి ఊరు విడిచిపోయిరి. మగ్గముల మీద బ్రతుకు మన పద్మశాలి కుటుంబములు మూటాముల్లె సర్దుకొనుటయు, టెట్రాసైక్లిన్ క్యాప్సూళ్ళ కొరకు మందుల షాపుల ముందు జనము విరుచుకుపడుటయు నేను కన్నులార చూచితిని. ఆ మందు జాతిలో మొదటిదైన ఆరియోమైసిన్ కూడ లెడర్లీ నుండి వెలువడినదే. జ్వరము లేనివారు సైతము నెలకు సరిపడ కొని దాచుకొనగా, దగ్గుచు వచ్చినవానికి దొరకని స్థితి ఏర్పడినది. ఆ త్రొక్కిసలాటలోను ‘ఇంట ఎనిమిదేండ్ల లోపు పిల్లలున్నారా, గర్భిణి యున్నదా’ యని అడిగి, వారికి ఈ మందు తగదనియు, పిల్లల పండ్లకు మాయని మచ్చ పడుననియు చెప్పి వైద్యుని యొద్దకు పంపిన ఫార్మసిస్టులను ఎరుగుదును. ప్రభుత్వోద్యోగి యెవడును వచ్చి చూడని అట్టి ఘడియలలోనే చట్టము నిజముగా మన చేతిలో నుండును.

ఇక దినచర్య సంగతి. చీటీ చేతికి రాగానే దానిపై వైద్యుని సంతకము, తేదీ, రోగి పేరు, చిరునామా, మందు మొత్తము, మోతాదు ఉన్నవో లేవో చూడుము. మందిచ్చిన పిమ్మట వైద్యుని సంతకమునకు పైభాగమున నీ షాపు పేరు, చిరునామా, తేదీ వేయుము. ఒకసారి ఇచ్చిన చీటీపై, వైద్యుడు మరల ఇమ్మని వ్రాయనిచో, రెండవసారి ఈయరాదు. చీటీ లేనిదే అమ్మరాని షెడ్యూల్ హెచ్ మందు వ్రాసినపుడు దానికి బదులుగా మరియొక కంపెనీ మందును, లోపలి ద్రవ్యము ఒకటే యైనను, నీయంతట నీవు మార్చి ఈయరాదు. స్టాకు లేనిచో లేదని చెప్పి వైద్యుని యొద్దకు పంపుము. 2014 మార్చి 1 నుండి అమలైన షెడ్యూల్ హెచ్1 మందులకు వేరుగా రిజిస్టరు పెట్టి, వైద్యుని పేరు, చిరునామా, రోగి పేరు, మందు, పరిమాణము అప్పటికప్పుడే వ్రాసి, ఆ పుస్తకమును మూడేండ్లు భద్రపరుపవలెను. సాయంకాలము కూర్చుండి జ్ఞాపకము మీద నింపిన రిజిస్టరు, ఒకే సిరాతో ఒకే ఒరవడిలో నుండి, చూడగానే పట్టుబడును. షెడ్యూల్ ఎక్స్ మందులకు ప్రత్యేకమైన లైసెన్సు, తాళము వేసిన అలమర, రెండు ప్రతుల చీటీ, అందొకటి రెండేండ్లు నీ యొద్ద నుండుట అవసరము. క్రొత్తగా తెరచువాడవు, ఆ జోలికి పోకుము.

మీ కూడలి జాతీయరహదారి మీదిది. నడిరేయి లారీ నిలిపి కోడీన్ దగ్గుమందు నాలుగు సీసాలో, ట్రమడాల్ స్ట్రిప్పులో, ఆల్ప్రజోలమో చీటీ లేకయే ఇమ్మని, అడిగిన ధరకు రెట్టింపు చేతిలో పెట్టువాడు రాగలడు. 1985నాటి మాదకద్రవ్యముల చట్టము మన ఔషధచట్టము కంటె కఠినమైనది. ట్రమడాల్ సైతము 2018లో దాని పరిధిలోనికి వచ్చినది. వానితో వాదింపకుము, ఉపన్యాసమును చెప్పకుము. లేదని చెప్పి పంపుము. అసలు సంగతి యేమనగా, అట్టివాని ముందు గట్టిగా లేదనగల వాడు జీతపు కుర్రవాడు కాడు, లైసెన్సుపై తన పేరున్న వాడే.

కొనుగోలులో ఇంకను జాగ్రత్త అవసరము. 1986లో బొంబాయి జె.జె. ఆసుపత్రిలో డైయెథిలీన్ గ్లైకాల్ కలిసిన గ్లిసరిన్ ఇచ్చుటచే 14 మంది రోగులు మరణించిరి. న్యాయమూర్తి లెంటిన్ విచారణసంఘము ఆ సరకు నడచిన దారినంతయు తవ్వి చూపినది. లైసెన్సు గల హోల్‌సేలు వర్తకుని యొద్ద బిల్లు తీసికొనియే కొనుము. బిల్లులకు వరుస సంఖ్య వేసి తేదీక్రమమున దాచుము. కొన్న మందు నాసిదని తరువాత తేలినను, దానిని లైసెన్సుగల వాని నుండి కొంటివనియు, తగిన శ్రద్ధ వహించినను లోపము కనిపెట్టలేకపోతివనియు, కొన్నప్పటి స్థితిలోనే సరిగా నిలువ చేసితివనియు నిరూపించినచో ఔషధచట్టపు 19వ సెక్షను మూడవ ఉపవిధి నిన్ను కాపాడును. బిల్లు లేని చవుకసరకు కొన్నవానికి ఆ రక్ష లేదు. ఇన్సులిన్ రెండు నుండి ఎనిమిది డిగ్రీల నడుమ నుండవలెను. వేసవిలో కరెంటు పోయి ఫ్రిజ్ నిలిచిపోయినపుడు అందలి ఉష్ణమాపకమును చూడని షాపు సరిగా నిలువ చేసినట్లు కాదు.

కాలము తీరిన మందులను అమ్మరాదని చెప్పనక్కరలేదు. వాపసు పంపువరకు వేరు పెట్టెలో పెట్టి పైన ‘అమ్మకమునకు కాదు’ అని వ్రాయుము. వైద్యులకు ఉచితముగా వచ్చు శాంపిళ్ళు, ఎవరు తెచ్చినను, షాపులో నుండరాదు. స్ట్రిప్పు కత్తిరించునపుడు బ్యాచి నంబరు, తేదీ ఉన్న కొసను చివరివరకు మిగుల్చుము. ఔషధ ఇన్స్పెక్టరు వచ్చినపుడు ఫారము 35 తనిఖీ పుస్తకము ముందుంచి, అడిగినది చూపుము.

నీ సర్టిఫికెట్టు అడిగిన ఆ వర్తకునికి కుదరదని వ్రాసివేయుము. కారణము చెప్పదలచినచో, ఒక మనిషి ఒకే షాపున నిలువగలడని చెప్పుము. నీ సొంత షాపు విషయములోను ఇదే నియమము వర్తించును. ప్రొద్దున ఎనిమిది నుండి రాత్రి పదకొండు వరకు తెరచి ఉంచవలెనను ఉబలాటము మానుకొని, నీవు నిలువగలిగినంత సేపే తలుపు తెరువుము, లేదా రెండవ ఫార్మసిస్టును కుదుర్చుకొనుము. అట్లు కుదిరినను, మారినను, ఒక నెలలోపల లైసెన్సు అధికారికి తెలియజేయవలెను. లింబాయత్‌లోనే మన వారి అమ్మాయి ఒకతె డి.ఫార్మసీ ముగించి పని వెదకుచున్నది. నీవు సరేనన్నచో ఆదివారము ఆమెను వెంటబెట్టుకొని వచ్చి, నీ షాపు చూచి పోయెదను.

ఇట్లు,
నీ మేనమామ