ర్యామ్ కొనే ముందు గుణించి చూడండి

ఎమ్మెస్సీ స్టాటిస్టిక్స్ ప్రాజెక్టు చేసేవాళ్లూ, అనలిస్టుగా కొత్తగా చేరినవాళ్లూ ఆర్‌లో ఎప్పుడో ఒకప్పుడు చూసే ఎర్రర్ ఇది: ‘కెనాట్ అలొకేట్ వెక్టర్ ఆఫ్ సైజ్ 3.7 జీబీ’. చూడగానే చాలామంది కొత్త ర్యామ్ ధర ఎంతో వాకబు చేస్తారు. ముందు కాగితం, పెన్ను తీయండి.

ఆ 3.7 జీబీ మీ ప్రోగ్రామ్ మొత్తం వాడింది కాదు. అప్పటికే వాడుతున్నది కాక, ఇంకా కావాలని అడిగితే దొరకని ముక్క. అందుకే 8 జీబీ ల్యాప్‌టాప్‌లో ఒక్కోసారి 200 ఎంబీకే ఆర్ చేతులెత్తేస్తుంది.

లక్ష మంది కస్టమర్ల ఫైలు ఉందనుకుందాం. డిస్కు మీద నాలుగైదు ఎంబీలే. పిన్‌కోడ్‌ను ఫ్యాక్టర్‌గా మార్చి ఎల్‌ఎమ్‌లో పెట్టారు. 5,000 పిన్‌కోడ్‌లుంటే మోడల్ మ్యాట్రిక్స్‌కు దాదాపు 5,000 కాలమ్‌లు వస్తాయి. ఒక్కో సంఖ్యకు 8 బైట్లు. లక్ష, 5,000, 8 గుణిస్తే 400 కోట్ల బైట్లు, అంటే ఆర్ లెక్కలో 3.7 జీబీ. రిగ్రెషన్ చేసేటప్పుడు ఎల్‌ఎమ్ దాదాపు అంతే సైజులో మరో కాపీ చేసుకుంటుంది. కష్టపడి 16 జీబీ చేయించినా, పిన్‌కోడ్‌లు 15,000 అయిన రోజున మళ్లీ అదే గొడవ. పైగా ఆ మ్యాట్రిక్స్‌లో ఉన్నవి దాదాపు అన్నీ సున్నాలే! సున్నాలను వదిలేసి మిగతావే దాచుకునే స్పార్స్ మ్యాట్రిక్స్ అయితే కొన్ని ఎంబీలతో సరిపోతుంది. పిన్‌కోడ్‌ను ఫిక్స్‌డ్ ఎఫెక్ట్‌గా ఇస్తే ఫిక్సెస్ట్ ప్యాకేజీ అసలా కాలమ్‌లను తయారే చేయదు.

‘మెమరీ లిమిట్ పెంచండి’ అన్న పాత సలహా జోలికి వెళ్లకండి. విండోస్‌లో మెమరీ.లిమిట్ ఫంక్షన్ 2022లో వచ్చిన ఆర్ 4.2.0 నుంచి పనిచేయడం లేదు. వాడని మెమరీని ఖాళీ చేసే జీసీ ఫంక్షన్‌ను పదేపదే రన్ చేయడమూ వృథాయే, ఎర్రర్ చూపే ముందు ఆర్ ఆ పని తనే చేసుకుంటుంది. మూసేటప్పుడు వర్క్‌స్పేస్ సేవ్ చేయమంటారా అనడిగితే వద్దనండి. లేకపోతే నిన్నటి ఆబ్జెక్టులన్నీ ఇవాళ మళ్లీ మెమరీలోకి వచ్చి కూర్చుంటాయి. డేటా.టేబుల్‌లో ఎఫ్‌రీడ్‌తో అవసరమైన కాలమ్‌లే చదవండి. పాండాస్ వాడేవాళ్లయితే పదేపదే వచ్చే పేర్లను కేటగిరీగా మార్చుకోండి.

ఇంటర్వ్యూలో ‘డేటా ర్యామ్‌లో పట్టకపోతే ఏం చేస్తారు?’ అని అడగడం మామూలే. ‘స్పార్క్ వాడతాను సార్’ అని ఠక్కున చెప్పేవాళ్లు చాలామంది. నేనైతే వరుసలెన్ని, కాలమ్‌లెన్ని, ఏ టైపు అని ఎదురడిగే అభ్యర్థి వైపే మొగ్గుతాను. రెజ్యూమెలో ‘బిగ్ డేటా పరిజ్ఞానం’ అన్న లైను కొట్టేయండి. మీ ప్రాజెక్టులో మార్పుకు ముందూ తర్వాతా జీసీ చూపించిన ‘మ్యాక్స్ యూజ్డ్’ అంకెలు రెండూ ఆ చోట రాయండి. అడిగితే గుణించి చూపించడానికి సిద్ధంగా వెళ్లండి.